ఇద్దరు జ్యోతులు, ఒకే ఫైలు

వనజాక్షికి కోపం తెప్పించాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. ఒక ట్యూబు మీద ‘శాంపిల్ 1’ అని రాసి ఆమె బల్ల మీద పెట్టి పోతే చాలు.

నగరానికి తూర్పున కుందలహళ్ళి దాటాక, కంపెనీల అద్దాల మేడల వెనక ఒక మూడంతస్తుల భవనంలో ఉండేది ఆమె పనిచేసే ప్రయోగశాల. డీఎన్‌ఏ వరసను చదివే యంత్రం కింది అంతస్తులో, చలి గదిలో ఉండేది. అది 2004వ సంవత్సరం. అలాంటి యంత్రం సొంతంగా కొనుక్కోవడం అందరికీ అయ్యే పని కాదు. అందుకని పట్టుపురుగుల మీద పరిశోధన చేసేవాళ్ళు, టమాటా తెగుళ్ళ వాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు ఎవరి నమూనాలు వాళ్ళు అక్కడికే పంపేవారు. తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో వాటిని పోసి యంత్రంలో పెడితే, మర్నాటికి ఒక్కో గుంటకు ఒక్కో ఫైలు తయారయ్యేది. తెరిచి చూస్తే నాలుగు రంగుల్లో చిన్న చిన్న కొండల బారులాగా గీతలుండేవి. ఆ కొండలే డీఎన్‌ఏ అక్షరాలు. అవి టమాటా ఆకువో, పట్టుపురుగువో, పక్కింటి మనిషివో కొండలను చూసి గుర్తుపట్టడం సామాన్యం కాదు. ఫైలుకు పెట్టిన పేరొక్కటే ఆధారం.

ఆ పేరు దగ్గరే వచ్చేది తంటా అంతా.

టమాటాల ఆయన తెగులు ఆకు ఏ ఊళ్ళో కోస్తే ఆ ఊరి పేరు పెట్టేవాడు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం. ఒక ఊరికి మూడుసార్లు పోయొస్తే మూడు కోలార్లు తయారు. పట్టుపురుగుల భాగీరథమ్మ మేడమ్ తన పురుగులకు నక్షత్రాల పేర్లు పెట్టేది. అశ్విని, భరణి, కృత్తిక అంటూ రేవతి దాకా పోయి, నక్షత్రాలు అయిపోగానే మళ్ళీ అశ్వినికి వచ్చేది. పీహెచ్‌డీ పిల్లలు ‘న్యూ’ అని పంపేవాళ్ళు. అది సరిగా రాకపోతే ‘న్యూ న్యూ’. అదీ పోతే ‘లాస్ట్’. ‘లాస్ట్’ తరవాత కూడా ‘లాస్ట్’లు వస్తూనే ఉండేవి. చివరికి అందరూ వచ్చి వనజాక్షి నెత్తిన కూర్చునేవారు. “నా కోలారు ఏదమ్మా?” “నా రోహిణి పోయిన నెల రోహిణితో కలిసిపోయింది, కొంచెం వేరుచేసి ఇస్తావా?”

వనజాక్షి చిక్కపేటలో బట్టల అంగడి నడిపే వెంకటరాయప్ప కూతురు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగింది. సూక్ష్మజీవుల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, యంత్రం వచ్చిన రోజు నుంచీ దాన్ని తనే నడుపుతోంది. భర్తది ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. పొద్దున్నే ఒకే గడప దాటి ఆయన దక్షిణం బస్సు, ఈమె తూర్పు బస్సు ఎక్కేవారు. సాయంత్రం ఇంటికి చేరాక ఆమె చెప్పే పేర్ల రామాయణం వినీ వినీ, ఆయన “ఈ పొద్దు ఎన్ని కోలార్లు?” అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఆ ప్రశ్నకు కూడా ఆమెకు ఒళ్ళు మండేది.

ఓర్చుకోలేక చివరికి ఆమే ఒక పద్ధతి రాసింది. ముందు పంపినవాళ్ళ గుర్తు, తరవాత తేదీ, ఆపైన నమూనా నంబరు, చివర ఏ ముక్కను చదువుతున్నామో దాని గుర్తు. మధ్యమధ్యలో కింది గీత, అంటే అండర్‌స్కోర్. ఖాళీలు వద్దు, చుక్కలు వద్దు, మనుషుల పేర్లు అసలే వద్దు. దాన్ని అచ్చు తీసి గోడకు అంటించింది. ఎవరూ చూడలేదు. పైగా ఎవరో దానికింద ‘దయచేసి చెప్పులు బయట విడవండి’ అని ఇంకో కాగితం అంటించారు. అప్పుడు ఆమె పట్టుబట్టి మీటింగు పెట్టించింది.

మీటింగుకు పెద్ద డాక్టర్ రాఘవేంద్ర. ప్రయోగశాలకు ఆయనే అధిపతి. మల్లేశ్వరం మనిషి, చదువుకు ఎక్కడెక్కడో తిరిగొచ్చినా మాట మాత్రం ఇంటి మాటే. ఆయన కాగితాన్ని అద్దాల పైనుంచీ, అద్దాల కిందనుంచీ చూశాడు.

“ఏమ్మా వనజా, మనము సైన్స్ చేస్తా ఉండామా, పోస్టాఫీసు నడుపుతా ఉండామా? తేదీ ఏల తలకిందులుగా రాసినావు? సంవత్సరం ముందర రాసేది ఎక్కడన్నా ఉండాదా?”

“అట్ల రాస్తేనే సార్, కంప్యూటర్‌లో వరసగా నిలబడేది. లేకుంటే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒక గుంపు, రెండో తేదీలు ఒక గుంపు అయిపోతాయి.”

“కంప్యూటర్ కోసం మనము మారాల్నా?” అంది భాగీరథమ్మ. “నా నక్షత్రాలకు ఏమొచ్చింది? ఏ పురుగు ఏ నక్షత్రమో నాకు బాగా జ్ఞాపకం ఉండాది.”

“మీకు ఉండాది మేడమ్. నేను, మెషీన్ ఏం చేసేది?”

కంప్యూటర్ల పని చూసే గిరీష్ అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడు ఉన్నట్టుండి ముందుకు వంగాడు. “అక్కా, కింది గీత బాగుండదు. నడిమి గీత పెడదాం.”

అంతే. కింది గీతా, నడిమి గీతా అన్నదాని మీద మీటింగు చీలిపోయింది. కింది గీత కొట్టాలంటే రెండు మీటలు నొక్కాలని ఒకరు, నడిమి గీత చూస్తే తీసివేత గుర్తులాగుందని ఒకరు. టీలొచ్చాయి, టీలయ్యాయి. చివరికి రాఘవేంద్ర గడియారం చూసుకుని, దీనికి ఒక చిన్న కమిటీ వేద్దామన్నాడు. కమిటీలో ఎవరుండాలో తరవాతి మీటింగులో తేల్చుకుందామన్నాడు.

వనజాక్షి లేచి నిలబడింది.

“సరే సార్. ఎవరిష్టం వాళ్ళది. ఇంకమీద మీరేం రాసి పంపితే నేను అదే కొడతాను. ఒక్క చుక్క కూడా మార్చను.”

“దానికి కోపమెందుకమ్మా?” అన్నాడు రాఘవేంద్ర, నిజంగానే అర్థంకాక.

అదే మధ్యాహ్నం ప్లేటులో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చిన నమూనాలున్నాయి. రక్తం గడ్డకట్టని జబ్బుకు సంబంధించినవి. ఆ జబ్బు తల్లుల ద్వారా వచ్చి కొడుకులను పట్టుకుంటుంది. చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు, మోకాళ్ళు వాచిపోతాయి. ఆ ఇళ్ళలో ఆడపిల్లకు పైకి ఏమీ తెలియదు కానీ, తల్లి దగ్గరున్న లోపం కూతురికీ వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు, బొమ్మా బొరుసూ వేసినట్టు. వచ్చి ఉంటే ఆమె కాన్పు సమయంలో జాగ్రత్తలు చాలా తీసుకోవాలి. అందుకే పరీక్ష. రెండు ఇళ్ళలో అన్నదమ్ములకు జబ్బుంది, ఆ ఇళ్ళ ఆడపిల్లలిద్దరి రక్తమూ ఆసుపత్రి పంపింది. ట్యూబుల మీద పేర్లు రాసి ఉన్నాయి. ఒకటి ‘జ్యోతి సి’. రెండోది ‘జ్యోతి ఎస్’.

ఇంకో రోజైతే వనజాక్షి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇద్దరి రిజిస్టర్ నంబర్లూ అడిగి తీసుకుని ఉండేది. ఇంటిపేరు బదులు తండ్రి పేరులోని అక్షరాన్ని తగిలించుకునే మన ఊళ్ళో, ఒక్క అక్షరాన్ని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె చెవుల్లో ఇంకా ‘పోస్టాఫీసు’ అన్న మాట మోగుతోంది. పళ్ళు బిగబట్టి, ఏది ఎలా ఉందో అలాగే కొట్టింది. జ్యోతి, ఖాళీ, సి. జ్యోతి, ఖాళీ, ఎస్.

నాలుగు రోజులకు రాఘవేంద్ర సర్వర్లో ఉన్న ఫైలు చదివి, లోపం కనబడలేదని రిపోర్టు రాసి ఆసుపత్రికి పంపాడు.

*

తరవాతి వారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. “మేడమ్, ఒక జ్యోతిది రిపోర్టు అందింది. ఇంకో జ్యోతిది ఎప్పుడిస్తారు?”

“రెండూ ఒకేసారి చేశామే,” అంటూ వనజాక్షి కంప్యూటర్లో వెతికింది. జ్యోతి ఉంది. ఒక్కతే ఉంది. పేరు పక్కన సి లేదు, ఎస్ లేదు.

ఆమె గిరీష్‌ను పిలిచింది. అతను చూసి, తల గోక్కుని, తేలిగ్గా నవ్వాడు. “ఓ, అదా అక్కా! పేరులో ఖాళీ వస్తే సర్వర్ తకరారు చేస్తా ఉండె. అందుకని పోయిన నెల ప్రోగ్రామ్ మార్చినా. ఖాళీ ముందర ఉండేదే పేరు. వెనకది కత్తిరించేస్తది.”

“అప్పుడు రెండు పేర్లూ ఒకటే అయితే?”

“రెండోది వచ్చి మొదటిదాని మీద…” గిరీష్ ఆగిపోయాడు. నవ్వు కూడా ఆగిపోయింది.

“మార్చినావని ఎవరికి చెప్పినావు?”

“చిన్న మార్పే కదా, సుమ్మనే ఎందుకు చెప్పేది అనుకొంటిని.”

“సరే. ఏది ముందు వచ్చింది, ఏది వెనక వచ్చింది?”

“చెప్పేకి అయ్యేదిలేదక్కా. మెషీన్‌లో చదివే గొట్టాలు పదహారు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఏది ముందు చేరిందో దేవుడికే తెలియాలి.”

“మెషీన్ లోపల అసలు ఫైళ్ళు ఉంటాయి కదా? వాటిలో గుంట నంబరు ఉంటుంది.”

గిరీష్ గొంతు సన్నబడింది. “డిస్కు నిండిపోయిందని పాతవన్నీ తీసేసినా.”

“ఎప్పుడు?”

“నిన్న.”

వనజాక్షికి నవ్వొచ్చింది. అది ఎలాంటి నవ్వంటే గిరీష్ భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె పోయి ఫ్రీజర్ తెరిచింది. మిగిలిన డీఎన్‌ఏతో మళ్ళీ చేసుకోవచ్చన్న ఆశ ఒకటి ఉండింది. రెండు చిన్న ట్యూబులూ దొరికాయి. మార్కర్ పెన్నుతో పేర్లు రాసిన ఆ ట్యూబులను ఎవరో స్పిరిట్ అంటిన చేతి తొడుగులతో పట్టుకున్నట్టున్నారు. రెండింటి మీదా పేరులోని మొదటి అక్షరం మాత్రం ఉంది. ఆ పక్కన నీలం మరక.

ఆమె ఆ రెండు ట్యూబులనూ తీసుకుపోయి రాఘవేంద్ర బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

“నేను ఫైలులో ఏముండిందో అదే చదివితిని.”

“అవును సార్.”

“అది రిపోర్టు అందుకున్న పిల్లదే అయ్యుండొచ్చు కదా? సగానికి సగం ఛాన్సు ఉండాది.”

“సగానికి సగం పరీక్ష చేయకముందు కూడా ఉండె సార్,” అంది వనజాక్షి. “దానికి మన మెషీన్ ఎందుకు?”

ఆయన అద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. తరవాత ఫోన్ అందుకుని ఆసుపత్రి డాక్టరమ్మతో మాట్లాడాడు. మాట్లాడుతున్నకొద్దీ ఆయన ముఖంలో రంగు మారింది.

రిపోర్టు మీద జ్యోతి అన్న పేరొక్కటే ఉంటే, ముందుగా వచ్చి అడిగిన జ్యోతి సి కి దాన్ని చెప్పేశారట. సి అంటే చెన్నయ్య కూతురు. వాళ్ళది కదిరి వైపు, వర్తూరు దగ్గర కట్టడం పనికొచ్చారు. అమ్మాయికి ఏడో నెల దాటింది. లోపం లేదన్నారు కదా అని తల్లి ఆమెను కాన్పుకు ఊరికి తీసుకుపోతోంది. రెండో అమ్మాయి బసవనగుడిలో ఉంటుంది, ఇంట్లో ఫోనుంది, పిలిస్తే సాయంత్రానికి వచ్చి మళ్ళీ రక్తం ఇస్తుంది. చెన్నయ్య వాళ్ళకు ఫోన్ లేదు. ఆసుపత్రిలో రాయించిన చిరునామా ఒకటే: వర్తూరు, చెరువు దగ్గర, కొత్త బిల్డింగు.

“పద,” అన్నాడు రాఘవేంద్ర, కారు తాళాలు తీసుకుంటూ.

మారతహళ్ళి నుంచి వచ్చే లారీలు, గుంతలు, కంపెనీ బస్సులు. కారు నడిచినంతసేపూ ఆయన సణుగుతూనే ఉన్నాడు. వర్తూరు చేరాక చెరువు నురగ వాసన ముక్కు పట్టేసింది. చెరువు చుట్టూ చూస్తే అన్నీ కొత్త బిల్డింగులే. ఒకదాని దగ్గర ఆపితే అక్కడ ఉన్నది రాయచూరు వాళ్ళు. ఇంకోదాని దగ్గర బిహారు వాళ్ళు. మూడోచోట వాచ్‌మన్ “ఏ జ్యోతి?” అని ఎదురడిగాడు.

“కొత్త బిల్డింగంట! ఇది ఒక అడ్రసా?” రాఘవేంద్ర స్టీరింగ్ మీద గుద్దాడు. “ఊరు, వీధి, నంబరు… ఒక పద్ధతి అనేది వద్దా మనుషులకు?”

వనజాక్షి కిటికీలోంచి చెరువు వైపు చూసింది. కాసేపటికి ఆయనే దగ్గి, గేరు మార్చాడు.

చివరికి దొరికారు. సగం లేచిన ఒక పెద్ద అపార్ట్‌మెంటు వెనక, రేకుల షెడ్ల వరసలో. షెడ్డు ముందు రెండు సంచులు కట్టి ఉన్నాయి. నలభై దాటిన ఆవిడ గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. ఆమే జ్యోతి తల్లి సుంకమ్మ. గడప మీద కూర్చుని తల దువ్వుకుంటున్నది జ్యోతి. ఇరవై ఏళ్ళుంటాయి. కడుపు బరువుకు కాళ్ళు చాపుకుని కూర్చుంది. లోపల చాప మీద మోకాలికి గుడ్డ చుట్టుకుని పడుకున్నవాడు ఆమె అన్న అంజి. జబ్బున్నది అతనికే.

ఆసుపత్రి నుంచని చెప్పగానే సుంకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. “రిపోర్టు బాగుండాదని చెప్పినారు గదా మేడమ్. మల్ల ఏంది?”

దారంతా వనజాక్షి మనసులో మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ ఇప్పుడు ఎక్కడికో పోయాయి.

“ఆ రిపోర్టు మీ అమ్మాయిది కాకపోవచ్చమ్మా. ఇంకో అమ్మాయి ఉంది, ఆమె పేరూ జ్యోతే. మా దగ్గర రెండూ కలిసిపోయినాయి. ఎవరిది ఏదో తెలియడం లేదు.”

జ్యోతి దువ్వెన పక్కన పెట్టింది. “కలిసిపోయేకి అవేమన్నా పప్పూ బియ్యమా?”

“అట్ల కాదమ్మా,” అని రాఘవేంద్ర అందుకున్నాడు. “కంప్యూటర్‌లో ఏమవుతుందంటే, పేరు నడుమ ఖాళీ వస్తే వెనకది…”

“కంప్యూటర్‌కి తెల్దు, సరే. మీకూ తెల్దా సార్?” అంది జ్యోతి. “నేను యాడో పనికి పోయి సిమెంటు బదులు సున్నం కలిపేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? బాగుండాది, ఏం భయం ల్యా అని మీరే చెప్తిరి. మా అత్తకి అంగడికాడ నుంచి ఫోన్ చేసి చెప్పుకుంటి. మా ఆయనకి చెప్పుకుంటి. ఇప్పుడొచ్చి కాదంటారు. రేపు ఇంకొకరొచ్చి ఇదీ కాదంటారు. ఎవుర్ని నమ్మల్ల?”

వనజాక్షి సంచుల పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది, జ్యోతి ముఖానికి ఎదురుగా.

“తెలుసు,” అంది. “ఖాళీ వదిలి పేరు కొట్టకూడదని నాకు తెలుసు. వేరేవాళ్ళ మీద కోపంతో ఆ పొద్దు అట్లే కొట్టినాను. ఫోన్ చేసి నంబరు అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది.”

రాఘవేంద్ర ఆమె వైపు తిరిగి చూశాడు. మీటింగులో అన్నమాట ఆమె నిజంగానే చేసిందని ఆయనకూ అప్పుడే తెలిసింది.

జ్యోతి ఇంకేదో అనబోయింది. సుంకమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె కోప్పడలేదు. గిన్నెల పక్కనే చతికిలబడింది.

“మా తమ్ముడు,” అంది, తనలో తను అనుకుంటున్నట్టు. “పన్ను పీకించుకొని వచ్చినాడు. పొద్దుండంగానే వచ్చినాడు, మర్సటి రోజుకి లేడు. గుడ్డలు పెట్టినాం, పసుపు పెట్టినాం. ఆగలే. పన్నుకే అట్లయితే, కాన్పు…” ఆమె లేచి, కట్టి ఉన్న సంచుల్లో ఒకదాని ముడి విప్పింది. “ఊరికి ఇప్పుడే పోం. పా జ్యోతీ, ఆస్పత్రికి.”

“పోతా,” అంది జ్యోతి. “ఈతూరి మాత్రం నా కండ్ల ముందర రాయల్ల.”

ఆసుపత్రిలో రక్తం తీశాక, వనజాక్షి జ్యోతి పక్కనే కూర్చుని ట్యూబుకు చీటీ రాసింది. ఆసుపత్రి గుర్తు, కింది గీత, తేదీ, కింది గీత, రిజిస్టర్ నంబరు. జ్యోతి ఏడో తరగతి దాకా చదివింది. మెడ వంచి చూసింది.

“దీంట్ల నా పేరేదీ?”

“పేరు రాయకూడదమ్మా. పేరు ఎందరికైనా ఉంటుంది. ఈ నంబరు నీకొక్కదానికే ఉంటుంది.”

“నంబరు నాదని ఎవురికి తెలుస్తుంది? పేరుంటేనే గదా నాదని తెలిసేది!”

తను రాసిన పద్ధతి ఎంత సరైనదో చెప్పడానికి అది సమయం కాదనుకుంది వనజాక్షి. కింద మిగిలిన చోటులో తెలుగులో ‘చెన్నయ్య, సుంకమ్మ కూతురు జ్యోతి’ అని చిన్నగా రాసింది. జ్యోతి దాన్ని ఒకసారి పైకే చదువుకుని, తల ఊపింది.

*

ఈసారి ప్లేటు పెట్టేటప్పుడు రాఘవేంద్ర కిందికి దిగి వచ్చాడు. ఆయన చీటీలోది ఒక్కో అక్షరం పైకి చదివాడు, వనజాక్షి కొట్టింది. తరవాత ఆమె తెర మీదిది చదివింది, ఆయన చీటీలో చూశాడు. గిరీష్ గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ అడక్కుండానే, పాత ఫైళ్ళు ఏవీ తీసేయలేదని రెండుసార్లు చెప్పాడు.

ఫలితం వచ్చినప్పుడు చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. బసవనగుడి జ్యోతి గీతలు సాఫీగా ఉన్నాయి. సర్వర్లో మిగిలిన ఆ ఒక్క ఫైలు ఆమెదే అని తేలింది. చెన్నయ్య కూతురు జ్యోతి గీతల్లో మాత్రం, అంజికి లోపమున్న ఆ ఒక్క చోట, ఒకే కొండ ఉండాల్సినచోట రెండు రంగుల కొండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒకటి మామూలు అక్షరం, రెండోది తల్లి నుంచి వచ్చిన లోపం.

వనజాక్షి వాటిని చూస్తూ ఉండిపోయింది. తప్పు బయటపడింది. ఒక మనిషి ప్రమాదం తప్పించుకుంది. అయినా సంతోషం అనేది ఎక్కడా లేదు. కదిరి బస్సు ఆ పిల్లను తీసుకుపోయి ఉంటే అన్న ఆలోచనే మళ్ళీ మళ్ళీ వచ్చింది.

రాఘవేంద్ర అద్దాలు సర్దుకున్నాడు. “కమిటీ వద్దులే వనజా,” అన్నాడు. “సోమవారం నుంచి నీ పద్ధతే. కింది గీతే. ఒప్పుకోనివాళ్ళు వేరే మెషీన్ చూసుకోనీ.”

మాట ఇచ్చినంత సులభంగా అది జరిగిందని కాదు. గిరీష్ ప్రోగ్రామ్ మళ్ళీ మార్చాడు. పద్ధతి ప్రకారం లేని పేరును యంత్రం అసలు తీసుకోకుండా చేశాడు, ఈసారి మార్చేముందు వచ్చి చెప్పాడు కూడా. భాగీరథమ్మ రెండు వారాలు వనజాక్షితో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక, నక్షత్రాలను నంబర్ల పక్కన తన డైరీలో రాసుకోవడానికి అభ్యంతరమేమన్నా ఉందా అని వెటకారంగా అడిగింది. టమాటాల ఆయన మూడు ప్లేట్లు వెనక్కి తీసుకుపోయి, మళ్ళీ పేర్లు పెట్టి తెచ్చాడు. ‘లాస్ట్’ అని పంపే పిల్లలు, దాన్నే తేదీ వెనక నంబరు చోటులో దూర్చడానికి ప్రయత్నించారు. వనజాక్షి గొంతు ప్రతి రోజూ బొంగురుపోయేది.

జ్యోతి ఊరికి పోలేదు. ఆసుపత్రికి దగ్గరగా ఉన్న కట్టడానికి చెన్నయ్య పని మార్చుకున్నాడు. నెలలు నిండాక, రక్తం గడ్డకట్టించే మందు ముందే తెప్పించి పెట్టుకుని, డాక్టరమ్మ కాన్పు చేసింది. మగపిల్లవాడు. జ్యోతికి రక్తం కొంచెం ఎక్కువే పోయింది కానీ, అందరూ సిద్ధంగా ఉండటంతో నిలబడింది. బొడ్డుతాడు నుంచి తీసిన పిల్లవాడి రక్తం ప్రయోగశాలకు వచ్చింది.

ట్యూబు మీద రాసింది చదివి వనజాక్షి నెత్తి కొట్టుకుంది. ‘బేబీ ఆఫ్ జ్యోతి’. పేరు పెట్టని పిల్లలందరికీ ఆసుపత్రుల్లో అదే పేరు, తల్లి పేరు మారుతుందంతే. ఆ వారం ఆ వార్డులో ఎంతమంది జ్యోతులు కన్నారో ఎవరికి తెలుసు! ఆమె ఫోన్ తీసింది. ఆసుపత్రి గుమాస్తా, పిల్లవాడికి ఇంకా వేరే నంబరు ఇవ్వలేదనీ, తల్లి నంబరుతోనే చేసేయమనీ అన్నాడు. కుదరదంది. పెద్ద సార్ లేరన్నాడు. వచ్చేదాకా ఫోన్ పెట్టనంది. చివరికి విసుక్కుంటూ లేచిపోయి, ఒక కొత్త నంబరు రాయించి తెచ్చి చదివాడు. ఆమె దాన్ని తిరిగి చదివి వినిపించి, మళ్ళీ చదవమంది.

“ఎన్నిసార్లు మేడమ్?” అన్నాడు.

“ఇంకొక్కసారి,” అంది వనజాక్షి.

రిపోర్టు తయారయ్యాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఫలితం తనతో చెప్పనివ్వడం లేదట జ్యోతి. ఆ నేల మీద కూర్చున్న మేడమ్‌ను రమ్మను అంటోందట. వనజాక్షి రిపోర్టు కవరు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

వార్డులో జ్యోతి పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన సుంకమ్మ నిలబడి ఉంది. వనజాక్షి ముఖం చూడగానే తల్లీకూతుళ్ళిద్దరికీ సంగతి తెలిసిపోయింది. అయినా జ్యోతి అడిగింది.

“ఉండాదా?”

“ఉందమ్మా.”

“ఇది నా కొడుకుదేనా?”

“నీ కొడుకుదే. రెండుసార్లు చేసి చూసినాం.”

జ్యోతి పిల్లవాడి అరచేతిని తన వేలి చుట్టూ మూసి, దానికేసి చూస్తూ కొంతసేపు ఏడ్చింది. సుంకమ్మ ఆమె వీపు నిమిరింది. తరవాత జ్యోతి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సరే,” అంది. “ఇంక ఏం చెయ్యల్లో చెప్పండి.”

డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. సూది మందులు తొడకు వేయించకూడదనీ, పాకే వయసులో మోకాళ్ళకు మెత్తలు కట్టాలనీ, దెబ్బ తగిలితే ఎంతలోపల తీసుకురావాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. జ్యోతి ప్రతిదానికీ ఎందుకని అడిగింది. సుంకమ్మ రెండు మాటలు మళ్ళీ చెప్పించుకుంది. చెప్పేదంతా అయిపోయేదాకా వనజాక్షి అక్కడే ఉంది.